అవ్వ కాళ్ళ మీద

మా అమ్మాయి పోయేనాటికి దాని బిడ్డకు ఇంకా పళ్ళు రాలేదు. జ్వరమని కడప ఆసుపత్రిలో చేర్చాం, వారం తిరక్కుండానే శవాన్ని చేతికిచ్చారు. దాని గురించి ఇంతకంటే రాయలేను. నేను రాయాలనుకున్నది ఆ బిడ్డకు ఉచ్చకూ దొడ్డికీ చెప్పడం నేర్పిన సంగతి. ఇది కూడా రాసే విషయమేనా అని ఎవరైనా ముక్కు మూసుకుంటే మూసుకోనీ. చంటిబిడ్డను సాకిన వాళ్ళకు తెలుసు, పొద్దున లేచింది మొదలు సగం బతుకు ఆ పనికే సరిపోతుంది.

మాది డోన్‌కు దగ్గర్లో ఒక పల్లె. ఆ ఊరి బడిలోనే పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. నా భర్త అంతకు ముందే పోయాడు. అల్లుడికి తుమ్మలపల్లె గనిలో పని, కాపురం పులివెందులలో. షిఫ్టుల ఉద్యోగం చేస్తూ తల్లి లేని బిడ్డను ఒక్కడూ ఎలా చూసుకుంటాడు? నా దగ్గర వదిలాడు. ఏడాది దాటాక మళ్ళీ పెళ్ళి చేసుకుంటానని అడగడానికి వచ్చాడు. పాపం, నా ముందర తలెత్తలేకపోయాడు. చేసుకో నాయనా, వయసులో ఉన్నవాడివి అని నేనే చెప్పాను. చెప్పి, లోపలికి పోయి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

పెళ్ళయిన కొన్నాళ్ళకు ఇద్దరూ వచ్చారు. అల్లుడు కొత్తగా కట్టుకున్న ఆ పిల్ల ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చెబుతుందట. బిడ్డను తనతో పాటే తీసుకుపోయి నర్సరీలో కూర్చోబెడతానంది. కాకపోతే ఆ బడిలో డైపరు వేసే పిల్లల్ని చేర్చుకోరట.

"ఉచ్చకూ దొడ్డికీ నోటితో చెప్పేది నేర్చుకుంటే సాలు అత్తా" అన్నాడు అల్లుడు. "ఆ వారమే వచ్చి తీసకపోతాం."

వాళ్ళ బిడ్డ, వాళ్ళు తీసుకుపోతామంటున్నారు. కాదనడానికి నేనెవర్ని? కానీ నా ఒళ్ళు మాత్రం భగ్గుమంది. ఏం, నా చేతనే నేర్పించి, నా చేతిలోంచే లాక్కుపోతారా అని. కాఫీ గ్లాసులు కాస్త గట్టిగా కింద పెట్టి ఊరుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక ఎదురింటామె వచ్చి కూర్చుంది. ఆమెకు అన్నీ తెలియాలి. సంగతి విని, నేర్పొద్దులే పంతులమ్మా, అది తడుపుకున్నన్నాళ్ళూ నీ కాడనే ఉంటాది కదా అని ఉపాయం చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగానే ఉంది. ఆ పూటంతా దాన్నే తలచుకున్నాను. కానీ బిడ్డను తడి గుడ్డలో ఉంచడం నా వల్ల కాదు. దాని తొడలు ఒరుసుకుని ఎర్రబడితే మంట నాకు పుడుతుంది. మరుసటి పొద్దునే మొదలుపెట్టాను.

మా ఇళ్ళల్లో దీనికి కుర్చీలూ బొమ్మలూ ఏమీ ఉండవు. పెరట్లో జాలాడి దగ్గర, అంటే గిన్నెలు తోమి నీళ్ళు పారబోసే చోట, గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపి కూర్చోవాలి. పాదాలు రెండూ కాస్త ఎడంగా పెట్టి, బిడ్డను వాటి మీద మన వైపు తిప్పి కూర్చోబెట్టుకోవాలి. దాని చేతులు మన మోకాళ్ళ మీద ఉంటాయి. పడిపోతానన్న భయం ఉండదు. ఉచ్చకైతే ఉస్స్ అనాలి, దొడ్డికైతే మనం కూడా దానితో పాటు ముక్కాలి. మా అమ్మ నన్ను అలాగే కూర్చోబెట్టింది. నేను నా కూతుర్ని అలాగే కూర్చోబెట్టాను. మా పెరట్లో పరిచినవి బేతంచెర్ల నాపరాళ్ళు. ఎండాకాలం పొద్దెక్కితే కాలిపోతాయి. ముందు ఒక చెంబెడు నీళ్ళు చల్లి, ఆ తర్వాత కూర్చునేదాన్ని.

అయితే మా మహారాణి అంత తేలిగ్గా లొంగితే కదా! నా కాళ్ళ మీద దర్జాగా కూర్చుని గోడ మీద కాకితో కబుర్లు చెప్పేది, నా పట్టీలు లేని కాళ్ళను చూసి నీ గజ్జెలు ఏవని అడిగేది, అసలు పని తప్ప అన్నీ చేసేది. నా నడుము విరిగి, సరే రాదులే అని దించితే, పరుగున పోయి తలుపు చాటున కానిచ్చేది. నాకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఒసే, నీకు నా కాళ్ళు చేదా, ఆ తలుపు తీపా అని తిట్టేదాన్ని. అది పడీ పడీ నవ్వేది. ఒకరోజు అలా తిడుతూ తిడుతూ, మీ అమ్మ కూడా నన్నిట్లే ఏడిపించిందే అన్నాను. అమ్మ అనే మాట విని బిడ్డ నా ముఖంలోకి చూసింది. దాని ముడ్డి కడిగి లోపలికి ఎత్తుకుపోయాను.

మెల్లమెల్లగా దానికి అర్థమైంది. చెడ్డీలు ఆరేసే తాడు ఖాళీ అవుతూ వచ్చింది. కానీ నోటితో చెప్పేది కాదు, నేనే దాని ముఖం కనిపెట్టి తీసుకుపోయేదాన్ని. చెప్పలేదు కదా, ఇంకా నేర్చుకోలేదన్నట్టే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం గుడిలో, మా తాతల నాటి చర్చిని మేం గుడి అనే అంటాం, అందరం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నాం. అయ్యగారి గొంతు తప్ప ఇంకో చప్పుడు లేదు. నా ఒళ్ళో బిడ్డ లేచి నిలబడి, "అవ్వా, ఉచ్చొస్తాంది" అంది, గుడి చివరి దాకా వినబడేటట్టు. ఆడవాళ్ళంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అయ్యగారు కూడా ఒక్క క్షణం ఆగారు. నేను దాన్ని చంకనేసుకుని బయటికి పరుగెత్తాను, గోడ పక్కన కాళ్ళు చాపి కూర్చోబెట్టాను. ఒక్క చుక్క కూడా బట్టల మీద పడలేదు. సంతోషంతో దాన్ని ముద్దులతో ముంచేశాను. ఇంతలో గుర్తొచ్చింది, నోటితో చెప్పిందని. మళ్ళీ లోపలికి పోలేదు. గుడి బయటే దాన్ని పట్టుకుని కూర్చుండిపోయాను.

దాచడానికి లేదు, ఊరంతా విన్నారు. అల్లుడికి ఫోన్ చేసి నేనే చెప్పాను. అన్న మాట ప్రకారం ఆ వారమే వచ్చారు. నేను రాగిపిండి పట్టించి ఇచ్చాను, దాని బొంత ఇచ్చాను, ఏ కూర తింటుందో ఏది ఉమ్మేస్తుందో, ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో అన్నీ అప్పజెప్పాను. కాళ్ళ మీద కూర్చోబెట్టాలని మాత్రం చెప్పలేదు. దాచి కాదు. లోకంలో బిడ్డలందరూ అలాగే కూర్చుంటారనే అనుకున్నాను. అది కూడా చెప్పాల్సిన విషయమని తట్టలేదు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపింది పిచ్చిది, సంతకు పోతున్నట్టు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు తెలియదు. ఎవరి కోసం లేవాలో తెలియక పొద్దెక్కే దాకా పడుకునేదాన్ని.

ఒక సాయంత్రం అల్లుడి ఫోన్ వచ్చింది. గొంతు నీరసంగా ఉంది. బిడ్డ ఉచ్చొస్తాందని చెబుతుందట, దొడ్డికొస్తాందని చెబుతుందట, తీరా కూర్చోబెడితే పోదట. బాతు బొమ్మ ఉన్న ప్లాస్టిక్ కుర్చీ కొన్నారట. దాన్ని చూస్తేనే కేకలు పెడుతుందట. ఉచ్చ ఎట్లాగో బట్టల్లో పోతోంది, దొడ్డికి మాత్రం బిగబట్టుకుని కడుపు రాయి అయింది, డాక్టరు దగ్గర మందు పోయించినా మళ్ళీ అంతే అని చెప్పాడు.

"నీ కాడికే తెచ్చి వదుల్తా అత్తా. ఆదివారం వస్తాం. కొన్నాళ్ళు కాదు, ఇంక నువ్వే పెంచుకో."

ఆ బిడ్డ బాధపడుతోందని విన్న చెవులతోనే ఈ మాటా విన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషానికి సిగ్గుపడాలేమో, పడలేదు. తీసుకురాప్పా, ఇప్పుడే బయల్దేరు అనబోయాను. ఇంతలో ఆ పిల్ల ఫోన్ అందుకుంది.

"నేనేం చేయలేదమ్మా" అంది, ఏడుస్తోంది. "కొట్టలేదు, కసరలేదు. కూర్చోబెడితే కొయ్యలాగా బిగుసుకపోతాంది. అవ్వ కాళ్ళు, అవ్వ కాళ్ళు అని ఒకటే ఏడుపు. మీకు కాళ్ళ నొప్పులుండేది తలచుకుంటాందేమో అనుకున్నాం."

నాకు ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది. నోరు మూసుకుంటే చాలు. ఆదివారానికి బిడ్డ నా ఒళ్ళో ఉంటుంది, ఇంక ఎవరూ తీసుకుపోరు. ఎవరికీ తెలియదు కూడా. ఫోన్‌లో ఆ పిల్ల ఏడుపు వెనక బిడ్డ మూలుగు వినబడుతోంది. కడుపు నొప్పి పుట్టిన బిడ్డ మూలుగు. ఆదివారం దాకా దాన్ని అలా మూలగనిచ్చి, ఆ తర్వాత దాని ముఖం ఎలా చూస్తాను?

వీడియో పెట్టమన్నాను. ఆ కుర్చీని అవతల పారేయమన్నాను. "కింద కూచో బిడ్డా. గోడకు ఆనుకో. కాళ్ళు చాపు" అన్నాను. అల్లుడు ఫోన్ పట్టుకున్నాడు. ఆ పిల్ల బాత్‌రూమ్ గచ్చు మీద కూర్చుని నైటీ మోకాళ్ళ దాకా లాక్కుంది. పాదాలు దగ్గరగా పెట్టింది. ఎడంగా పెట్టమన్నాను. బిడ్డను తన వైపు తిప్పుకోమన్నాను, చేతులు మోకాళ్ళ మీద వేయించమన్నాను. బిడ్డ మొదట పెనుగులాడింది. తర్వాత ఆ కాళ్ళను చూసింది. కాసేపు చూసి, మెల్లగా తనే కూర్చుంది. నువ్వు కూడా ముక్కు అన్నాను ఆ పిల్లతో. ఆమె సిగ్గుపడుతూ ముక్కింది. ఇక్కడ నేనూ ముక్కాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. బిడ్డ ముఖం ఎర్రబడింది, ఏడ్చింది, మళ్ళీ ముక్కింది. చివరికి కడుపంతా ఖాళీ అయింది.

అయిపోయిందని తెలియగానే, బిడ్డ నా కాళ్ళ మీదే ఉన్నట్టు, కడుగుతానని చెప్పడానికి నా నోరు తెరుచుకుంది. బిడ్డ ఫోన్ వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న ముఖం వైపు చూసి, "అమ్మా, కడుగు" అంది.

అది ఆ పిల్లను అమ్మా అనడం అదే మొదటిసారట. ఆమె బిడ్డను అలాగే, కడగకుండానే, గుండెకు హత్తుకుంది. అల్లుడు కళ్ళు తుడుచుకుని నవ్వుతూ, "ఇంక ఆడికి తెచ్చే పని లేదులే అత్తా" అన్నాడు.

"మంచిదప్పా" అన్నాను.

ఫోన్ ఆగిపోయాక లేవబోయి చూసుకున్నాను. నేను కూడా మా ఇంట్లో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, పాదాలు ఎడంగా పెట్టుకుని కూర్చుని ఉన్నాను. వాటి మీద ఎవరూ లేరు.