ముందు అంకె చలికి

మా మేనత్త పోయిందన్న కబురు నాకు సింగపూరు పాయా లేబర్ పేటలో, ఆఫీసు లిఫ్టు ముందు నిలబడి ఉండగా వచ్చింది. జురాంగ్ వెస్ట్‌లో ఆమె పక్క ఫ్లాట్‌లో ఉండే మలయ్ ఆంటీ ఫోన్ చేసింది. పొద్దున అత్త కిందికి దిగి, కారు బానెట్ ఎత్తి ఆయిలు చూసుకుని, పైకొచ్చి సోఫాలో కూర్చుందట. ఆంటీ టిఫిన్ పట్టుకుని వెళ్ళేసరికి అలాగే ఒరిగిపోయి ఉందట. "వేలికి ఇంకా నల్లటి మరక ఉంది లా, నేనే తుడిచాను" అని ఆంటీ మాటకో 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో చెప్పి ఏడ్చింది. వచ్చిన లిఫ్టు ఎక్కకుండా వెనక్కి తిరిగాను.

ఆ రోజంతా ఫోన్లు. "ఎంత మంచి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు" అన్నారు చాలామంది. ప్రేమతోనే అన్నారు. కానీ అది నిజం కాదు. మా అత్త ఒక మనిషిని చివరిదాకా క్షమించలేదు. ఆ సంగతి వదిలేసి తలుచుకుంటే నేను తలుచుకునేది ఇంకెవరినో అవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త పుట్టింది మలేసియాలో, పేరాక్‌లో. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి తోటల పనికి వచ్చిన కుటుంబం మాది. ఆమె మాటలో ఆ యాస అలాగే ఉండేది, దాని మీద కాస్త మలయ్, కాస్త తమిళం. కెమిస్ట్రీ చదువుకుని, ఉద్యోగానికి సింగపూరు వచ్చి, జురాంగ్‌లో ఇంజను ఆయిళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరింది. రిటైరయ్యేదాకా అక్కడే. ఆమెకీ మామయ్యకీ పిల్లలు లేరు. నేను చదువుకోవడానికి ఇక్కడికి వస్తే తన దగ్గరే పెట్టుకుంది. పెళ్ళయ్యేదాకా ఆ ఫ్లాటే నా ఇల్లు.

ఆ ఇంట్లో ఫ్రీజర్ తెరిస్తే చేపల పక్కన రెండు చిన్న సీసాలు ఉండేవి. ఒకరోజు ఐసు కోసం తెరిచి, ఇవేమిటని అడిగాను. అత్త రెంటినీ బయటికి తీసి తలకిందులు చేసింది. ఒకదాంట్లో ఆయిలు మెల్లగా జారి మూత దగ్గరికి వచ్చేసింది. రెండోదాంట్లో ముదురు పాకంలా అడుగునే అతుక్కుని ఉండిపోయింది.

"డబ్బా మీద రెండంకెలుంటాయి సూడు," అంది. "ముందు అంకె చలికి, వెనక అంకె వేడికి. పాత ఇంజను అరిగిపోయుంటాది కదా, వేడెక్కినాక దానికి మందం కావాల. అందుకని వెనక అంకె తగ్గించకూడదు. చలిదేశం ఎల్తే ముందు అంకె తగ్గించాల. లేకపోతే పొద్దున్నే ఆయిలు పైకెక్కదు, లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుంటాది."

"మనకి చలెక్కడుంది అత్తా?" అన్నాను. నాకు తెలిసిన చలి సినిమా హాల్లో ఏసీ ఒక్కటే.

"మీ మామయ్యనడుగు," అని సీసాలు మళ్ళీ లోపల పెట్టేసింది.

మామయ్య ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేసేవాడు. గొంతెత్తి మాట్లాడడం ఆయనకి రాదు. ఆయనకున్న ఒకే ఒక్క మోజు పాత జపాన్ కారు. కారు పాతబడేకొద్దీ పన్ను పెరిగే ఈ ఊళ్ళో పాత కారు ఉంచుకోవడమంటే మొండితనమే. అలాంటి మొండివాళ్ళంతా కలిసి ఒక బృందంగా ఉండేవారు. సెలవుల్లో మలేసియా, థాయ్‌లాండ్ తిరిగొచ్చేవారు. ఆ బృందానికి పెద్ద, విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన. అందరూ ఆయన్ని లీడర్ అనేవారు. మాటకారి. ఆయన ఉన్న చోట ఇంకొకరి మాట వినబడేది కాదు.

నేను వాళ్ళ దగ్గరికి రాకముందు, ఒక ఏడాది డిసెంబరులో చైనాలో యునాన్ కొండల దాకా వెళ్ళాలనుకున్నారు. అక్కడ ఆ నెలలో నీళ్ళు గడ్డకడతాయి. బయలుదేరేముందు మా అత్తావాళ్ళ హాల్లోనే అందరూ కూర్చున్నారు. కార్లన్నిటికీ ఒకే ఆయిలు, బాగా చిక్కటిది, లీడర్ తెప్పించి పెట్టాడు. అత్త ఫ్రీజర్లోంచి ఆ సీసాలు తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. ఆయన వాటిని ముట్టుకోలేదు.

"చెల్లెమ్మా, మీ ల్యాబ్ వేరు, రోడ్డు వేరు. పాత బండికి చిక్కటి ఆయిలే ప్రాణం," అన్నాడు.

"రోడ్డు కూడా సల్లబడతాది సార్," అంది అత్త.

"బావగారూ, ఇంట్లో స్టీరింగ్ కూడా ఈవిడ చేతిలోనేనా?" అన్నాడాయన. హాలంతా నవ్వింది. మామయ్య ఆ నవ్వుకి లొంగిపోయి, అందరితో పాటు అదే ఆయిలు పోయించాడు.

కొండ మీద హోటల్లో కప్పున్న షెడ్డు ఒకటే ఉంది, అందులో ఒక కారుకే చోటు. లీడర్ తన కారు అందులో పెట్టుకున్నాడు. మిగతావన్నీ ఆరుబయట, మంచులో. వాటిలో బాగా పాతది మామయ్యది ఒక్కటే. పొద్దున అది మూలిగి మూలిగి స్టార్టయింది. డాష్‌బోర్డు మీద ఆయిలు లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంది. ఆపేద్దామా అని అడిగితే లీడర్ కిటికీ దగ్గరికొచ్చి, "రేజ్ చెయ్యండి బావగారూ, వేడెక్కితే అదే సర్దుకుంటుంది" అన్నాడు. మామయ్య రేజ్ చేశాడు. లోపలినుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడొచ్చింది. ఇంజను బిగుసుకుపోయింది.

తర్వాత జరిగిందంతా మామయ్య నాకు తల దించుకునే చెప్పాడు. అందరూ ఆయన్ని అక్కడ వదిలేసి ముందుకి వెళ్ళిపోయారు. లీడర్ వెళ్ళేముందు, "లారీ వస్తుంది, మీరు బండితో దిగి వచ్చెయ్యండి, ఆగితే మా పర్మిట్ల గడువు అయిపోతుంది" అన్నాడట. భాష రాని చోట, పల్చటి జాకెట్‌తో, చచ్చిన కారు పక్కన ఆయన లారీ కోసం కూర్చున్నాడు. చచ్చిన కారుతో, ఊపిరితిత్తుల్లో నెమ్ముతో ఇంటికొచ్చాడు. బతికాడు గానీ ఆ దగ్గు పోలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంటికొచ్చాక తగిలింది. ఉగాది సభలో, గుళ్ళో భోజనాల దగ్గర, ఎవరింట్లోనో పుట్టినరోజున లీడర్ ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. "అందరికీ ఒకే ఆయిలు. నా బండికి ఏమీ కాలేదు. మా బావగారి కాలు మాత్రం యాక్సిలరేటర్ మీదనుంచి లేవదు!" షెడ్డు సంగతి చెప్పేవాడు కాదు. రేజ్ చెయ్యమన్నది తనేనని చెప్పేవాడు కాదు. జనం నవ్వేవారు. మామయ్య కూడా నవ్వేవాడు. కొన్నాళ్ళకి సభలకి వెళ్ళడం మానేశాడు. మరికొన్నాళ్ళకి కిందికి దిగి కారు చూసుకోవడం కూడా మానేశాడు. నేను ఆ ఇంట్లో ఉండగానే, ఒక వానాకాలంలో, ఆ దగ్గుతోనే పోయాడు.

మండాయ్‌లో దహనం ముందు లీడర్ లేచి రెండు మాటలు చెబుతానన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అదే కథ చెప్పాడు, ఎంతో ప్రేమగా. శవపేటిక ముందు నిలబడి జనం ఏడుస్తూనే నవ్వారు. నేను అత్త వైపు చూశాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. టాక్సీలో ఇంటికొస్తుంటే, "ఇన్నావా?" అంది.

"విన్నాను."

"నాను కూడా ఇన్నాను," అంది.

ఆ నెలలోనే ఆమె పాడైపోయిన ఇంజను విప్పించింది. జురాంగ్‌లో ఒక వర్క్‌షాప్‌లో, ఉద్యోగం నుంచి నేరుగా వెళ్ళి, పక్కన నిలబడి చేయించింది. ఎన్నడూ ఆ కారు నడపని మనిషి, శ్రద్ధగా గేర్లు నేర్చుకుంది. "ఇంకా ఎందుకత్తా, మర్చిపో" అని మా నాన్న తరఫువాళ్ళెవరో అంటే, "మరిచిపోడానికి నాకేటైనా జబ్బా?" అంది. ఆ మాట తర్వాత ఎన్నోసార్లు విన్నాను.

బృందం మళ్ళీ యునాన్ వెళ్తోందని తెలియగానే పేరిచ్చింది. భర్త గుర్తుగా వస్తోందనుకుని లీడర్ కరిగిపోయాడు. "రండి చెల్లెమ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. పక్క సీట్లో నేను వెళ్ళాను. మా కారులో ఆమె ఎంచిన ఆయిలు: వెనక అంకె మామూలే, ముందు అంకె బాగా తక్కువ. ఇంజను సీళ్ళలోంచి కారుతుందేమో చూడడానికి ఆయిలు ముందుగానే మార్చి, వారమంతా కారు కింద అట్టముక్క పరిచి ఉంచింది. లీడర్ కారులో ఎప్పటిలాగే చిక్కటిది.

"ఆయనకి చెప్పవా అత్తా?" అని దారిలో అడిగాను.

"ఒకసారి సెప్పినాను. ఆ మాట మారలేదు," అంది, రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

అదే హోటల్. అత్త అందరికన్నా ముందు చేరాలని ఆ రోజంతా ఎక్కడా ఆగలేదు. చేరగానే షెడ్డులో ఒక కుర్చీ వేసి, దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టింది, మా ఊరి హాకర్ సెంటర్‌లో భోజనానికి బల్ల చోప్ చేసి పట్టిపెట్టుకున్నట్టు. తనకోసం కాదు. బృందంలో ఒక పెద్ద వయసు చైనీస్ దంపతులు ఉన్నారు, ఆ చోటు వాళ్ళకిచ్చింది. మా కారు ఆరుబయట పెట్టింది. లీడర్ వచ్చి షెడ్డు నిండిపోవడం చూసి, వేరే దారి లేక మా పక్కనే పెట్టాడు. రెండూ ఒక ఈడు కార్లు. ఒకే మంచు.

పొద్దున అద్దాల మీద మంచు గీకుతుంటే నా వేళ్ళు నావి కానట్టున్నాయి. అత్త కీ తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి స్టార్టయింది. యాక్సిలరేటర్ తాకకుండా ఎర్రలైటు వైపే చూస్తూ కూర్చుంది. లైటు ఆరిపోయింది.

పక్కన లీడర్ కారు మూలుగుతోంది. చివరికి స్టార్టయింది. బానెట్ కింద టకటకమని పొడి చప్పుడు. అందరూ చుట్టూ చేరారు. అత్త దిగి వెళ్ళి ఆయన కిటికీ పక్కన నిలబడింది.

"ఎర్రలైటు ఆరలేదు సార్. ఆపెయ్యండి. నా దగ్గర ఇంకో డబ్బా ఆయిలుంది, మీదీ బతుకుతాది. కానీ ముందు ఈళ్ళందరికీ ఒక మాట సెప్పండి. ఆ రోజు మా ఆయన్ని రేజ్ సెయ్యమన్నదెవరు? షెడ్డులో ఎవరి కారుంది?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇక్కడ ఈ గొడవేంటమ్మా?"

"ఒక్క మాట సార్. సెప్పెయ్యండి."

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. నవ్వడానికి ప్రయత్నించాడు. ఎవరూ కలిసి నవ్వలేదు. "బండి గురించి నాకు ఆడవాళ్ళు చెప్పాలా!" అని కాలు బలంగా తొక్కాడు. ఇంజను అరిచింది. ఆ అరుపులోంచి సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. ఒక్కసారి పెద్దగా విరిగిన చప్పుడై ఆగిపోయింది.

అత్త వచ్చి సీట్లో కూర్చుంది. బయలుదేరేముందు అద్దం దించింది.

"లారీ వస్తాది సార్. మా ఆయనకీ వచ్చింది."

మిగతా కార్లు ఒక్కొక్కటే ఆమె వెనక బయలుదేరాయి. నేను అద్దంలో చూశాను. ఆయన చేతులు చంకల్లో పెట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నాడు. జాలిపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. నాకు సంతోషంగా ఉంది. ఒళ్ళంతా వెచ్చబడినంత సంతోషం. అత్త మాత్రం మొదటి మలుపు దాటాక కారు పక్కకి ఆపి, మామయ్య పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఆమె ఆయన్ని పేరుతో పిలవగా నేను వినడం అదొక్కసారే.

ఆయన ఆ లారీలో దిగి క్షేమంగానే ఇల్లు చేరాడు. కథ చెప్పడం మానేశాడు. కానీ నిజమూ చెప్పలేదు. అత్తకి కావలసింది నిజం. అందుకని ఆమె మళ్ళీ సభలకి వెళ్ళడం మొదలుపెట్టింది. మంచి చీర కట్టుకుని, ఆయన నలుగురిలో ఉన్నప్పుడు చూసి, చేతులు జోడించి, "ఇంజను ఎలాగుంది సార్?" అని అడిగేది. ఆయన ముఖం తిప్పుకునేవాడు. ఏళ్ళ తరబడి అడిగింది. మోకాళ్ళ నొప్పులొచ్చాక కూడా నా చెయ్యి పట్టుకుని వెళ్ళి అడిగింది. నా కూతురు ఒకసారి, "Paati, why you so fierce one?" అని, అవ్వా నీకెందుకంత కోపమని అడిగితే, "మీ తాత నెమ్మదస్తుడు, ఆయన వంతు కూడా నానే" అని దాని నోట్లో లడ్డూ పెట్టింది.

నాకు చదువు చెప్పించింది, పెళ్ళి చేసింది, నా బిడ్డకి స్నానాలు పోసింది. వాటన్నిటికీ నేను రుణపడి ఉన్నాను. అయినా అందరికన్నా ఎక్కువగా నాకు ఆమె ఇచ్చింది ఇది: మనవాళ్ళని తొక్కేసిన నవ్వుని మనం కూడా నవ్వి పోనివ్వక్కర్లేదని చూపించడం.

ఆమెని మండాయ్ తీసుకెళ్ళిన రోజు వాన. హాలు బయట, అద్దాల తలుపు దగ్గర లీడర్ నిలబడి ఉన్నాడు. బాగా ముసలివాడైపోయాడు. చేతిలో తెల్లపూల గుత్తి.

"రెండు మాటలు మాట్లాడనిస్తావా అమ్మా?" అన్నాడు.

"ఏం మాట్లాడతారు అంకుల్?"

"ఆ ఆయిలు నేను పోయించిందే. రేజ్ చెయ్యమన్నదీ నేనే. మీ మామయ్య తప్పేమీ లేదు. నాకు ఆ రోజే తెలుసు."

అన్నాళ్ళూ అత్త ఎదురుచూసిన మాట. ఆమె పెట్టెలో పడుకుని ఉండగా, వానలో, నా ఒక్కదానితో చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

"నాకు కాదు అంకుల్. లోపలున్నవాళ్ళకి చెప్పండి."

"ఇంతమంది ముందా?"

"అప్పుడు ఇంతమంది ముందే నవ్వించారు కదా. తలుపు తీసే ఉంది, రండి."

నేను లోపలికి వెళ్ళిపోయాను. మంత్రాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే లేచి అత్త గురించి మాట్లాడారు. చివర్లో ఇంకెవరైనా ఉన్నారా అని పంతులుగారు అడిగితే నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. అద్దం మీద వాననీళ్ళు జారుతున్నాయి. వాటి వెనక, పూలు రొమ్ముకి పట్టుకుని, మమ్మల్ని చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. ఒక్క ముక్క కూడా లోపలికి వినబడలేదు.