మా బావ గొంతు

మా బావ కోర్టులో బంట్రోతు. కేసు వంతు రాగానే గుమ్మంలో నిలబడి, ఆ మనిషి పేరు మూడుసార్లు గట్టిగా పిలవడం ఆయన పని. ఇంట్లో మంచినీళ్ళడిగితే పక్కింటివాళ్ళు ఉలిక్కిపడే గొంతు! అదే గొంతు, తెలిసిన వకీలు కనుసైగ చేస్తే గొణుగుడైపోయేది. అవతలివాళ్ళు వరండాలోనే కూర్చుని ఉన్నా, "పిలిచానండీ, రాలేదు" అని లోపల చెప్పేసేవాడు. మనిషి రాలేదని కేసు కొట్టేసేవారు.

ఈ వేషాలు ఒక ముసలమ్మ దగ్గర బెడిసికొట్టాయి. గుమ్మం పక్కనే కూర్చున్న ఆవిడకి ఆ గొణుగుడు వినపడింది. తిన్నగా లోపలికెళ్ళి, జడ్జిగారి ముందే బావని కడిగిపారేసింది. ఆయన్ని సస్పెండ్ చేసి, విచారణకి రమ్మన్నారు.

అక్క పోరు పడలేక నేనూ తోడు వెళ్ళాను. బావ కొత్త బంట్రోతు పక్కనే గుమ్మానికి అతుక్కుపోయి నిలబడ్డాడు. టీకి రమ్మన్నా రాడు, కాళ్ళు పీకుతున్నా కదలడు. నాకు ఒళ్ళు మండింది.

"అదిగో వరండాలో బెంచీ ఉంది, కూర్చో బావా! వంతొస్తే పిలుస్తారుగా!"

బావ నా వంక చూడకుండానే అన్నాడు: "అక్కడిదాకా వినపడేట్టు పిలుస్తాడని ఏంటి నమ్మకం?"