డాక్టరుకు నేను చెప్పని మాట

హిందీ మాట్లాడే ఊళ్లో రైల్వే వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా తెలుగు ఆడవాళ్ల సంఘానికి ఒక్కటే పని. హిందీ రాని తెలుగు ఆడవాళ్లను ప్రతి బుధవారం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, వాళ్ల బాధ డాక్టరుకు హిందీలో చెప్పడం. సంఘంలో హిందీ పరీక్ష పాసైనదాన్ని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేదాన్ని. చీటీ రాయించడం, వరసలో నిలబడటం, సంచి మోయడం మిగతావాళ్లు చూసుకునేవారు. డాక్టరు ముందు మాట్లాడటం నా వంతు.

డెబ్భైలలో ఒక వానాకాలం మా వెనక వరస ఇళ్లలోకి శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ కాపురానికొచ్చింది. భర్త వ్యాగన్ల వర్క్‌షాపులో ఖలాసీ. నలభై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. ఒకరోజు మా పెరటి గుమ్మం దగ్గర నిలబడి, వాళ్ల వైపు అక్కను పిలిచినట్టు, "అప్పా, రెండు నెలలై రగతం ఆగట్నేదు. నాకేటైనా అయితే పిల్లలు ఏటైపోతారు?" అంది. భయపడకు, డాక్టరుకు నేను చెప్తాగా అన్నాను.

బుధవారం వెళ్లాం. డాక్టరు మగాయన, మా మావగారి ఈడు. మా వెనక బల్ల మీద అరడజను మంది మగవాళ్లు వాళ్ల వంతు కోసం కూర్చుని మా మాటలే వింటున్నారు. నేను పెరిగిన ఇంట్లో నెలనెలా వచ్చే ఆ విషయం మా అమ్మ నాకు కూడా సైగలతోనే చెప్పింది. నోరు తెరిచాను. "కమ్‌జోరీ హై, డాక్టర్ సాబ్," అన్నాను, నీరసంగా ఉంటోందని. ఇంకేమైనా ఉందా అని ఆయన అడిగారు. లేదన్నాను. బలానికి టానిక్ రాశారు.

బయటికొచ్చాక ఆవిడ, "అంతా సెప్పినావా అప్పా?" అని అడిగింది. చెప్పానన్నాను.

టానిక్ అయిపోయి నెల దాటాక వెళ్లిన రెండోసారి ఆకలి లేదన్నాను. ఇంకో నెల దాటాక మూడోసారి నిద్ర పట్టడం లేదన్నాను. ఆవిడకు లేని జబ్బులన్నీ చెప్పాను, ఉన్న ఒక్కటీ తప్ప. ఎర్ర టానిక్ పోయి నల్ల టానిక్ వచ్చింది. ఆవిడ ఏ పూటా మానకుండా తాగింది.

నాలుగోసారి గుఢియారీ బజారు దగ్గర రిక్షాలోనే ఆవిడకు కళ్లు తిరిగాయి. నా భుజం మీద వాలిపోయింది. చెయ్యి చల్లగా ఉంది. నాకు ఒళ్లంతా భయం పట్టుకుంది. ఈసారి ఏమైనా సరే చెప్పేస్తాననుకుంటూ వెళ్లాను. డాక్టరు ముందు కూర్చున్నాక ఒకసారి బల్ల వైపు చూసి, "కమ్‌జోరీ..." అని మొదలుపెట్టాను.

ఆవిడ నా మోచెయ్యి పక్కకు నెట్టింది. అప్పటికి కొన్ని నెలలుగా గుఢియారీలో కూరలు బేరమాడుతోంది. ఆవిడ దగ్గరున్నదల్లా ఆ హిందీయే. "సాబ్, ఖూన్. ఛే మహీనా. బంద్ నహీ," అంది. రక్తం, ఆరు నెలలు, ఆగదు. బల్ల మీద మగవాళ్లు తలలు దించుకున్నారు. అంతకు మించి అక్కడ ఘోరమేమీ జరగలేదు. డాక్టరు కలం కింద పెట్టి నా వైపు చూశారు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు. హిందీ పరీక్ష పాసైనదాన్ని, చేతిలోని టానిక్ చీటీ మడతలు పెడుతూ కూర్చున్నాను.

గర్భసంచిలో గడ్డ అన్నారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే చేసేదేమీ ఉండేది కాదన్నారు. ఆపరేషనుకు రక్తమివ్వడానికి మా సంఘం వర్క్‌షాపు మగవాళ్లను ఇళ్లలోంచి లాక్కొచ్చింది. ఆసుపత్రికి క్యారేజీలు వంతులేసుకుని పంపింది. పిల్లలకు జడలు వేసే పని నేను అడిగి తీసుకున్నాను. "అమ్మొచ్చేస్తాది కదా పెద్దమ్మా?" అని చిన్నది అడిగితే పాయలు విడిపోయాయి, మళ్లీ మొదటినుంచి అల్లాను.

ఆవిడ తిరిగొచ్చింది. ఆ ఉగాదికి సంఘం నాకు శాలువా కప్పింది. నాలుగుసార్లు ఆసుపత్రికి తిప్పి ఒక ప్రాణాన్ని నిలబెట్టానని అధ్యక్షురాలు మైకులో చెప్పింది. ఆ శ్రీకాకుళం ఆవిడ ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. డాక్టరు దగ్గర నేను దాచిన సంగతి ఎవరికీ చెప్పలేదన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని ఎవరో మంచినీళ్లిచ్చారు.

సభ అయ్యాక ఆవిడ దగ్గరికొచ్చి జారిపోతున్న శాలువా నా భుజం మీద సర్దింది.

"అప్పా, వొచ్చే బుధారం డాక్టరుతోటి నాను మాటాడతాను. నువ్వు సంచి అట్టుకో," అంది.

ఆ తర్వాత పద్నాలుగేళ్లు బుధవారాల్లో సంచి నేనే పట్టుకున్నాను.