ఆరకూడదన్న మిషన్

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. అక్షరాలు రావు కనుక ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాననుకున్నాను. యాభై దాటాక చదువు నేర్చాను. ఇప్పుడు ఆ సాకూ లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకే చెబుతున్నాను.

ముంబయి కామాటిపురలో ఒక చాల్, వరస గదుల పాత మేడ. అందులో మెట్ల పక్క గది నాది. పైగదిలో సురేశ్ ఉండేవాడు, మన తెలుగు పిల్లవాడే. నన్ను మాత్రం మరాఠీ వాళ్లలా కాకీ, అంటే పిన్నీ, అనేవాడు. ఎక్కడెక్కడో ఉన్న స్నేహితులతో కలిసి కంప్యూటర్‌లో కొత్త నాణెం పుట్టిస్తున్నానన్నాడు. చేతికి దొరకని నాణెం. దాని లెక్క నిలవాలంటే మిషన్లు ఆగకుండా తిరగాలట. అప్పటికి దాన్ని నమ్మినవాళ్లు గుప్పెడు మంది. కరెంటు కోసం మెట్ల దీపం లైను నుంచి దొంగతీగ లాగాడు. ఇనప రేలింగ్ పక్కనుంచే అది పైకి పోయింది. అందులోంచే నా గదికో ఫ్యాను. వద్దనలేదు నేను.

ఆ వానాకాలం అతను పుణె వెళ్తూ తాళంచెవి నాకిచ్చాడు. మిషన్ ఆపితే నాణెం చస్తుందన్నాడు. నాకు అర్థం కాలేదని కనిపెట్టి, "నవరాత్రులల్ల అఖండ దీపం పెడ్తవ్ గద కాకీ, గట్లనే అనుకో" అన్నాడు. అనుకున్నాను. అక్కడే చెడింది. రోజూ స్నానం చేసి వెళ్లి ఆ వేడి డబ్బాకు కుంకుమబొట్టు పెట్టేదాన్ని. అది తేనెపట్టులా హోరుమనేది. గోడంతా చెమ్మ. తీగ మీద నీళ్లు జారుతున్నాయి. చూశాను. చూసి కిందికి దిగాను.

మెట్ల కింద ఎల్లయ్య పడుకునేవాడు. పాలమూరు జిల్లా నుంచి వచ్చిన తాపీపనివాడు. ఒక మధ్యాహ్నం నా గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, రేలింగ్ ముడ్తే జుమ్మంటున్నది. పైన డబ్బా జర బంద్ చెయ్యరాదే."

"నువ్ ఫోన్ చార్జింగ్ పెడ్తవ్ గద, గదే అయ్యుంటది."

"నాది బటన్ ఫోనక్కా! గదెంత, దాని తాకత్ ఎంత?" నవ్వాడు. "ఒక్క దినం బంద్ పెట్టు. వాన పడ్తున్నది."

"అది దీపం లెక్కనట తమ్మీ. ఆర్పొద్దు."

"దీపమైతే షాక్ కొడ్తదా అక్కా?"

నేనూ నవ్వాను. తాళంచెవి నా కొంగుకే ఉంది. కదల్లేదు. నిజంగా దీపం మీద భక్తేనా? ఫ్యాను గాలి కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ సాయంత్రమే అతని కుడిచెయ్యి రేలింగ్‌కు అతుక్కుపోయింది. ఎవరో మెయిన్ స్విచ్ దించి విడిపించారు. ప్రాణం దక్కింది. వేళ్లు కొంకర్లు పోయాయి. అతన్ని ఆసుపత్రికి మోసుకెళ్తుంటే నేను తీగ పీకి దాచేశాను. చాల్ పెద్దలకు మెట్ల కింద అతని చార్జర్ దొరికింది. మెట్ల దీపం దగ్గర తీగ తెగిన గుర్తు చూసి, దొంగ లైను ఎవరు లాగారని నన్నడిగారు.

"ఎల్లయ్యే" అన్నాను.

చేతికి కట్టుతో అతను తిరిగొచ్చిన రోజే అతని మూట ఫాక్‌లాండ్ రోడ్డు మీద పడేశారు. ఎడమచేత్తో మూట ఎత్తుకున్నాడు. నావైపు ఒక్కసారి చూశాడు.

నాణెం చచ్చిపోయిందా అని పుణె నుంచి తిరిగొచ్చిన సురేశ్‌ను అడిగాను. "వేరే ఊర్లల్ల మిషన్లు నడుస్తనే ఉన్నయ్ కాకీ. నువ్ ఆపొద్దని గట్ల భయపెట్టిన" అన్నాడు. అంటే ఆపొచ్చు. ఎల్లయ్య అడిగిన ఆ మధ్యాహ్నమే ఆపొచ్చు.

మొన్న పేపర్‌లో ఆ క్రిప్టో నాణెం పుట్టుక గురించి కూడబలుక్కుని చదివాను. ముంబయి ఇరుకు గదిలో మిషన్ వానకు కూడా ఆగలేదని రాశారు. ఎల్లయ్య పేరు ఉండదని తెలిసీ చివరిదాకా వెతికాను.

అతని ఊరి పేరు తెలియదు. కనుక్కునే ప్రయత్నమూ చేయలేదు. మళ్లీ తాపీ పట్టగలిగాడా? నేరమంతా సురేశ్ మీదికి తోసి బతకాలని చూశాను. కుదరలేదు. ఆ పేరు పలికిన నోరు నాది.

తీగ లాగింది ఎల్లయ్య కాదు. అది తెలిసే చెప్పాను. ఇదిగో, రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.