రాతి మీద బొంత

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు మిరప కల్లంలో తెలిసింది. ఎండబోసిన కాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్న సువార్తమ్మ ఉన్నట్టుండి లేచి నిలబడింది. చర్చి గంట ఆగి ఆగి మోగుతోంది.

"టీచరమ్మే బాబూ. పొద్దున చూసొచ్చా. గొంతులో నీళ్ళు దిగలా," అంది.

మిరప కల్లంలో ఒక సౌకర్యం ఉంది. అక్కడ అందరి కళ్ళూ ఎప్పుడూ తడిగానే ఉంటాయి కాబట్టి మగవాడు ఏడ్చినా ఎవరూ పట్టించుకోరు. ఆ సౌకర్యాన్ని నేను కాసేపు వాడుకున్నాను.

నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. మా ఊళ్ళో సంతకం పెట్టగలిగిన ప్రతివాడి వేలూ ఒకప్పుడు ఆమె పట్టుకున్నదే. నేను ఏడో తరగతితో చదువు ఆపేశానని ఎవరైనా అంటే, "వాడు ఆపలేదు, అదే ఆగింది," అని నా తరఫున వాదించేది. రిటైరైనా కొంగు ముడిలో సుద్దముక్క పోలేదు. మాట చాలదనిపిస్తే ఎక్కడున్నా వంగి నేల మీద బొమ్మ గీసేది. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు పోతే ఆమె కొడుకును తెచ్చి పెంచింది. ఆ కుర్రాడు డాక్టరు చదువుకి రష్యా వెళ్ళాడు. ఆమె రిటైరైన ఏడాది, వేసవి సెలవులకి పెద్దమ్మను కూడా అక్కడికి పిలిపించుకున్నాడు.

ఆ కుర్రాడు కాక, మా ఊరినుంచి అప్పటిదాకా రష్యా వెళ్ళింది పొగాకు ఒక్కటే. అది వెళ్ళిందే గానీ, తిరిగొచ్చి ఏం చూసిందో మాకు చెప్పలేదు. టీచరమ్మ అలా కాదు. "చూసొచ్చి చెప్పకపోతే ఒక్కళ్ళమే కూర్చుని తిన్నట్టురా," అనేది. వచ్చిన మర్నాడు సాయంత్రం ఆమె ఇంటి అరుగు ముందు సగం ఊరు చేరింది. పత్తి చేలనుంచి వచ్చిన కూలి ఆడవాళ్ళు కింద, రైతులం మేం నాలుగు కుర్చీల్లో.

ముందు సుద్దముక్క తీసి అరుగు మీద బొమ్మ వేసింది.

"ఉల్లిపాయ గీశావేందమ్మా?" అంది సువార్తమ్మ.

"ఉల్లిపాయ కాదే, చర్చి. అక్కడ చర్చిల నెత్తిన ఇట్టాగే ఉంటాయి. ఒకదానికి నీలం, ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి బంగారు రంగు. మంచు నిలవకుండా జారిపోవాలని అట్టా కడతారంట."

"మనుషులెట్టా ఉంటారు?" అని నేనడిగాను.

"నవ్వరురా. కొట్లో నవ్వరు, రైల్లో నవ్వరు. మనమేదో వాళ్ళ గేదెను తోలుకొచ్చినట్టు చూస్తారు. ఇంట్లోకి రానిచ్చారా, ఇంక తిండి పెట్టి చంపుతారు."

"అయితే మా వియ్యంకుడు సగం రష్యావాడే. మొదటి సగం," అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, తర్వాత గొంతు తగ్గించింది.

"అన్నిట్లోకీ నాకు నచ్చింది భూమి కింద ఉంది. రైలెక్కాలంటే కిందికి దిగాలి. దిగితే ఏముందనుకున్నారు? పాలరాతి స్తంభాలు, పెద్ద పెద్ద దీపాల గుత్తులు. గోడల మీద రంగురాళ్ళు అతికి బొమ్మలు చేశారు. ఎవరి బొమ్మలనుకున్నారే? గోధుమ పనలు కట్టే ఆడవాళ్ళవి."

"ఏ రాజుగారి మేడమ్మా అది?" అంది సువార్తమ్మ.

"ఏ రాజుదీ కాదు. పొద్దున్నే పనికి పోయేవాళ్ళది."

కింద కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె అది గమనించిందేమో, ఇంకో సంగతి చెప్పింది. ఒకరోజు ఏదో పెద్ద మేడ చూస్తూ నడిచి నడిచి కాళ్ళు పీకి, దాని రాతిమెట్ల మీద కూర్చుందట. ఎక్కడినుంచో ఒక ముసలావిడ వచ్చి, తిడుతూ, రెక్క పట్టుకుని లేపింది.

"కూర్చోకూడని చోట కూర్చున్నాననుకుని లేచా. లేవమంటే లేవడం నాకు చిన్నప్పటినించీ అలవాటేగా. మీకు మాత్రం తెలీదా?" అంది ఆడవాళ్ళ వైపు చూసి. "పోబోతుంటే పోనివ్వదే! తన శాలువా తీసింది. మడిచి మెట్టు మీద పరిచింది. నా భుజం నొక్కి మళ్ళీ కూర్చోబెట్టింది. చల్లటి రాయి మీద ఆడది కూర్చుంటే ఒంటికి మంచిది కాదని వాళ్ళ నమ్మకమంట. మా వాడు తర్వాత చెప్పాడు. కూర్చోబెట్టడానికే లేపింది, చూడు."

ఆ మాటకి మాత్రం కుర్చీల్లో ఉన్నవాళ్ళం ఎవరమూ జోకు వేయలేదు.

తర్వాత కొద్దిరోజులకి నన్ను రోడ్డు మీదికి పిలిపించింది. అక్కడ పంచాయతీ కట్టిన బస్సు షెల్టరు ఉంది. నాలుగు స్తంభాలు, పైన స్లాబు, వెనక సినిమా పోస్టర్ల గోడ. మిరప కోతలకీ పత్తి తీతలకీ పోయే ఆడవాళ్ళు పొద్దున బస్సు కోసం, ట్రాక్టరు కోసం నిలబడేది అక్కడే.

"పొద్దున్నే పనికి పోయేవాళ్ళ స్టేషను ఇది. నీకు ట్రాక్టరుంది గదరా?"

ఉందని ఆమెకు తెలుసు. తెలిసిన సంగతినే ప్రశ్నగా అడగడం టీచర్ల అలవాటు. మర్నాడే మార్టూరు వెళ్ళాం. అక్కడ రాళ్ళు కోసి పాలిషు పట్టే చోట్ల, వెనకాల విరిగిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. తీసుకుపోతామంటే దణ్ణం పెట్టి ఇచ్చారు. నల్లవి, ఎర్రవి, బూడిదరంగువి, ఆమె ఒక్కో ముక్కా కొంగుతో తుడిచి ఏరింది. రాతిపొడితో ఎంత తెల్లబడి తిరిగొచ్చామంటే, ఊరి కుక్కలు మమ్మల్ని రష్యావాళ్ళనుకుని తరిమాయి.

గోడ మీద ఎర్రరాళ్ళతో మిరపచెట్టు, పక్కన పత్తిచెట్టు రావాలని ఆమె సుద్దతో గీసి ఇచ్చింది. తాపీమేస్త్రి మంచివాడే గానీ చెయ్యి కాస్త లావు. మిరపకాయలు వంకాయల్లా వచ్చాయి. "పోనీలే, కాపు బాగుంది," అంది టీచరమ్మ. కూర్చోవడానికి పొడుగాటి నల్లరాతి బెంచీ వేయించింది. మొహం చూసుకోవచ్చు, అంత నున్నగా ఉంది.

తీరా అంతా అయ్యాక, ఎవరికోసం కట్టించిందో వాళ్ళు దాని మీద కూర్చోలేదు. క్యారేజీలు పక్కన పెట్టుకుని, షెల్టరు ముందు మట్టిలో కూర్చున్నారు.

"పైన కూర్చోండే!"

"మాసిపోద్దమ్మా."

బెంచీ ఖాళీగా ఏమీ లేదులెండి. మేం ఉన్నాం దాని మీద, పేపరు చదువుకుంటూ. రాయి మాసిపోతుందన్న బెంగ రైతుల్లో ఎవరికీ కలగలేదు. ఆమె రోజూ వచ్చేది, చూసేది, వెళ్ళేది. నలభై ఏళ్ళు మాకు పాఠాలు చెప్పిన మనిషి, తను చెప్పిందేదీ ఎవరికీ ఎక్కలేదన్నట్టు నడిచిపోయేది. ఒంటిపూట పనికి పోయినవాళ్ళు తిరిగొచ్చిన ఒక మధ్యాహ్నం మాత్రం తిన్నగా నా ముందుకొచ్చి ఆగింది.

"ఏరా, స్టేషను బాగుందా?"

"బాగుంది టీచరమ్మా."

"అయితే లే."

లేచాను. నా పక్కన ఇద్దరూ లేచారు. వాళ్ళూ ఆమె దగ్గర చదివినవాళ్ళే. అప్పుడు కూడా సువార్తమ్మ మట్టిలోంచి కదల్లేదు.

"రాయి కాలుద్దమ్మా," అంది.

అది వంకే. కానీ అబద్ధం కాదు, పొద్దు వాలి ఎండ స్లాబు కిందికి బెంచీ మీద పడుతోంది. టీచరమ్మ అరచెయ్యి ఆ నల్లరాతి మీద పెట్టింది. పెట్టి చాలాసేపు తియ్యలేదు. తర్వాత ఇంటికి వెళ్ళి, తను రాత్రిళ్ళు పరుచుకునే బొంత చంకలో పెట్టుకుని వచ్చింది. మడత పెట్టి బెంచీ మీద పరిచింది. సువార్తమ్మను రెక్క పట్టుకుని లేపింది. భుజం నొక్కి కూర్చోబెట్టింది.

సువార్తమ్మ బిగుసుకుపోయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బొంతను తడిమింది. తడుముతూ ఒకచోట ఆగింది.

"అమ్మా, ఇది నీ నీలంచీరగా? జెండా పండక్కి కట్టేదానివి!"

"అదేనే. చిరిగితే బొంతలో వేశా."

"మంచి చీర," అంది సువార్తమ్మ. కాస్త వెనక్కి జరిగి సర్దుకుంది. "రండే, మీరూ రండి, జరుగుతాగా," అని కేకేసింది. పాలిషు రాయి వాళ్ళది కాదు గానీ, పాతచీరల బొంత మాత్రం వాళ్ళదేనన్నట్టు మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చారు.

అప్పటినుంచీ పొద్దున్నే బొంత వచ్చేది, సాయంత్రం ఇంటికి పోయేది. ఆ స్టాపు పేరే రష్యా అయింది. "రష్యా దిగేవాళ్ళు ముందుకు రండి," అని కండక్టరు అరిస్తే కొత్తవాళ్ళు కంగారుగా కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. ఈ ఏడాది ఆమె మంచం పట్టాక బొంత తేవడం సువార్తమ్మ పని అయింది. నేను చూడటానికి వెళ్ళిన ఒక సాయంత్రం ఆమె మంచంలోంచే సువార్తమ్మను అడుగుతోంది.

"ఏమే, ఇవాళ కూర్చున్నారా?"

"కూర్చోక? ఎవరో ఊరికొచ్చినాయన నిలబడి చూస్తన్నా కూర్చున్నాం."

టీచరమ్మ కళ్ళు మూసుకుని నవ్వింది.

మట్టి చేసిన రోజు ఎండ మండిపోతోంది. పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను, డాక్టరైన ఆమె కొడుకూ ఉన్నాడు. అతన్ని ఇంక చెల్లెలి కొడుకని నేను రాయలేను. సమాధుల దొడ్డి రోడ్డుకి అవతల. షెల్టరు దగ్గరకొచ్చేసరికి భుజాలు పడిపోయాయి. కాసేపు దించుదామని పెట్టెను బెంచీ వైపు వంచాం.

"ఆగండ్రా! రాయి కాలిపోతా ఉంది!"

మా ఊళ్ళో, మా ఇళ్ళ ఆడవాళ్ళు కాక, రైతుల్ని 'రా' అని పిలిచిన ఆడమనిషి అప్పటిదాకా టీచరమ్మ ఒక్కతే. మేం ఆగాం. బరువు భుజాల మీదే ఉంచుకుని అలాగే నిలబడ్డాం. సువార్తమ్మ మమ్మల్ని దాటుకుని ముందుకొచ్చి, చంకలో తెచ్చిన బొంత మడత విప్పి, బెంచీ పొడవునా పరిచింది. ముడతలు లేకుండా అరచేత్తో రెండు వైపులా సర్దింది.

"ఇప్పుడు దించండి," అంది.

దించాం. వెనక గోడ మీద మేస్త్రి వంకాయలు ఎర్రగా మెరుస్తున్నాయి. పెట్టె కిందనుంచి బయటికి వేలాడుతున్న నీలంచీర అంచు, లారీ పోయినప్పుడల్లా కదులుతోంది. సువార్తమ్మ చెమట తుడుచుకుని, పెట్టె పక్కన, ఆ బొంత మీదే కూర్చుంది.

మేమంతా నిలబడి ఉన్నాం.