జేజి నోట కియేరో

వానలు మొహం చాటేసిన ఆ రోజుల్లో మా నిడుగల్లు వైపు నీళ్ళతో పాటు కరువైన మాట ఇంకొకటుండేది: ‘నాకిది కావాలి’ అనే మాట. ఎవరింటికి పోయినా మనం వద్దు వద్దనాలి, వాళ్ళు బలవంతంగా వడ్డించాలి, మనం ‘అయ్యో’ అంటూ తినాలి. ఆకలి దంచేస్తున్నా కంచానికి చెయ్యి అడ్డం పెట్టాలి (వేళ్ళ మధ్య సందు వదలడం తెలిసినవాళ్ళు కడుపునిండా తినేవాళ్ళు). ఈ విద్యలో మా జేజి, అంటే మా నాన్నకు అమ్మ, ఆరితేరిన మనిషి. ‘నాకు కావల్ల’ అని ఆవిడ అనగా ఇంట్లో ఎవరూ వినలేదు.

అలాంటి ఇంట్లో ఒక స్పెయిన్ నర్సమ్మ వచ్చి దిగింది. ఊళ్ళకు తాగునీటి బోర్లు వేయించే సంస్థ తరఫున వచ్చిన ఆవిడకు ఊరంతా కలిసి తెల్లక్క అని పేరు పెట్టింది. పీయూసీ గట్టెక్కినవాణ్ణి కనక ఇంగ్లీషు వచ్చుననుకుని నన్ను దుబాసీగా పెట్టుకున్నారు (ఆవిడ ఇంగ్లీషు కూడా కుంటిదే కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది). మొదటి పూటే తెల్లక్క శనక్కాయల ఊరుబిండి (రోట్లో నూరిన పచ్చడి) రుచి చూసి, గిన్నె వైపు వేలు చూపి “కియేరో!” అంది. కావాలట! జేజి బిత్తరపోయి వడ్డించింది. “కియేరో మాస్!” ఇంకా కావాలట! కడుపు నిండాక “నో కియేరో” అంది. జేజి అలవాటు కొద్దీ ఇంకో ముద్ద వేయబోతే కంచం వెనక్కి లాక్కుంది.

“ఏందిరా ఈయమ్మ! కావల్లంటే కావల్ల, వద్దంటే వద్దేనంట. దాపరికమే ల్యాదు కదప్పా!” అని జేజి దేవుణ్ణి చూసినట్టు ఆవిడను చూసింది. ఆ వారమంతా మేకలకు ఆకు వేస్తూ కూడా ‘కియేరో, కియేరో’ అని గొణుక్కుంటుంటే ముసలావిడ ముచ్చటలే అని నవ్వుకున్నాను.

అప్పటికి మా ఊరి చేదబావి ఎండిపోయి, ఆడవాళ్ళు కొండ అవతలి తోటబావి దాకా పోయి బిందెలు మోసుకొస్తున్నారు. బోరు బండి పక్క ఊళ్ళో ఉంది. మేము అడిగితే మా ఊరికి వస్తుంది, లేదంటే ముందుకు పోతుంది. తెల్లక్క అందరినీ బడి వసారాలో కూర్చోబెట్టి అడిగింది.

“మీకేం కావల్లో చెప్పమంటాంది” అన్నాను.

ఊరి పెద్దాయన మీసం సవరించుకుని, “మాకేం తక్కువ తల్లీ? అంతా బాగుండాది. నువ్వొచ్చినావు, అదే పదివేలు” అన్నాడు. ఇంటికొచ్చినవాళ్ళను అడగడం కన్నా చావడం నయమని ఆయన నమ్మకం. అందరూ తలలూపారు. నేను ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను. ఆవిడ ఆశ్చర్యపోయి మళ్ళీ అడిగితే, “ఏమీ వద్దు తల్లీ” అని ఆయన ఇంకా మర్యాదగా చెప్పాడు. తెల్లక్క సంచీ భుజాన వేసుకుని లేచింది. ఎదురుగా ఆడవాళ్ళ చంకల్లో ఖాళీ బిందెలు! మా ఊళ్ళో ‘వద్దు’ అంటే ఏమిటో చెప్పడానికి నా ఇంగ్లీషు చాలలేదు, ‘కావాలి’ అనడానికి నాకూ నోరు పెగల్లేదు.

అప్పుడు లేచింది జేజి. నెత్తిన కొంగు సర్దుకుని, బిందె ముందుకు చాచి, “కియేరో ఆగ్వా!” అంది.

ఆగ్వా అంటే నీళ్ళు, మా ఇంట్లో దాహమేసినప్పుడల్లా తెల్లక్క అనే మాట. వెనక నుంచి ఇంకొకామె “కియేరో” అంది, తర్వాత ఇంకొకామె, ఆ తర్వాత ఆడవాళ్ళందరూ. పెద్దాయన నా చెవి దగ్గరికి వంగి, “ఆ మాట బాగుండాదిరా. అడుక్కున్నట్టు ల్యాదు” అని, గొంతు సవరించుకుని తానూ అనేశాడు. తెల్లక్క సంచీ కింద పెట్టేసింది.

బోరులోంచి ముందు దుమ్ము, తర్వాత బురద, ఆపైన నీళ్ళు ఎగజిమ్మిన రోజున, “ఇన్నేండ్లూ ఒక్కసారన్నా కావల్ల అన్యావా జేజీ?” అని అడిగాను. “తెలుగులో అయితే సిగ్గురా. ఆ యమ్మ మాటకు బరువు ల్యాదు” అని తడిసిన మొహం తుడుచుకుంది.

జేజి పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను పావగడలో మా కోడలి చేతి కాఫీ తాగుతుంటాను. “ఇంకొంచెం పొయ్యాల్నా మామా?” అంటుంది. “వద్దమ్మా” అంటాను. ఈ కాలం పిల్ల, వద్దంటే వద్దే అనుకుని గిన్నె తీసుకుని వెళ్ళిపోతుంది. జేజి ధైర్యం నాకింకా రాలేదు. ఖాళీ గ్లాసు వైపు చూస్తూ, వంటింటి దాకా వినపడకుండా, “కియేరో మాస్” అనుకుంటాను.