గుడ్డ తడిస్తే ఎండేసుకుందుం

మా అత్త పోయింది. ఆదివారం ప్రార్థనకి గంట కొడుతున్న వేళ మంచం మీదే కన్ను మూసింది. జబ్బంటూ ఏమీ లేదు, వయసే. కబురు తెలిసి భావనపాడు నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో చుట్టాలు తక్కువ. పిల్లలకి ఆవిడ చేత నీళ్ళు పోయించుకున్నవాళ్ళే ఎక్కువ.

పురిటిబిడ్డకి నీళ్ళు పోయడం ఎవరికి తెలియదు? పీట మీద కూచుని కాళ్ళు బారజాపి, బిడ్డని వాటి మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి గోరువెచ్చటి నీళ్ళు పోయడమే. అందరూ ముక్కు నొక్కడం మీద, తల గుండ్రంగా చెయ్యడం మీద మనసు పెడతారు. మా అత్త మాత్రం బిడ్డ ఉచ్చ పోసేదాకా లేచేది కాదు. "దార సూడండర్రా, దార!" అనేది. మగపిల్లాడు జోరుగా పోసి ఆవిడ చీర తడిపాడంటే ఆ రోజంతా ఎవరినీ తిట్టేది కాదు. తక్కిన రోజుల సంగతి నన్ను అడక్కండి.

ఈ పట్టుదల ఎక్కడిదో కాపురానికొచ్చిన చాలా కాలానికి గాని నాకు చెప్పలేదు. ఇద్దరం జీడిపిక్కలు ఏరుతున్నాం. ఆవిడ తొలిచూలు కొడుకు వానాకాలంలో పుట్టాడట. సముద్రం పక్క ఊళ్ళో ముసురు పట్టిందంటే పొత్తిగుడ్డలు వారానికీ ఎండవు. ఈ పిల్లాడు గుడ్డ తడిపేవాడు కాదు, చెమ్మ చేసేవాడంతే. ఊరంతా బంగారుకొండ అన్నారు, తల్లి మురిసింది. తర్వాత జ్వరం వచ్చింది, పొట్ట రెండు పక్కలా గట్టిపడింది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. పిల్లాడు దక్కలేదు.

"ఎండేసుకోనక్కర్నేదని మురిసిపోనాను, పిల్లా. గుడ్డ తడిస్తే ఎండేసుకుందుం. గుంటడే ఎండిపోతే ఏటి సేత్తాం?" అంది. అని, పిక్కలు ఏరుకుంది.

మా రెండోవాడికీ అదే వచ్చింది. పుట్టి నెల కాలేదు. అత్త కాళ్ళ మీద పడుకుని ఉచ్చకి ముందు ముఖం ఎర్రగా చేసుకుని ఏడ్చాడు. ధార రాలేదు, చుక్కలు రాలాయి. ఒళ్ళు కాలిపోతోంది. అత్త చెంబు కింద పెట్టేసి మావని బండి కట్టమంది.

బాప్తిస్మం తీసుకున్నా మా ఇంటిని పురుటి మైల పట్టింపు వదల్లేదు. నెల నిండకుండా బాలింత గడప దాటకూడదన్నాడు మావ.

"పురుడు మళ్ళీ వొత్తాది. గుంటడు ఎల్లిపోతే మళ్ళీ రాడు. నువ్వు కడతావా, నన్ను కట్టమంటావా?" అంది అత్త. మావే కట్టాడు.

పొద్దున బయలుదేరితే టెక్కలి ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. అక్కడి డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, మూత్రం బయటికి పోయే దారిలో అడ్డం ఉందనీ, అది లోపలే నిలిచి కుళ్ళి జ్వరం తెచ్చిందనీ, మూత్రపిండాలు వాచాయనీ చెప్పింది. సన్నటి రబ్బరు గొట్టం పెట్టి తీసింది. బతుకుతాడని మాట ఇవ్వలేనంది. పాలు పట్టాలి గనక నన్ను నీళ్ళు బాగా తాగమంది. బాలింతకి తాగే నీళ్ళు కొలిచి ఇవ్వడం మా అత్త పథ్యం, నేను దాహంతో అల్లాడినా కరిగేది కాదు. ఆ సాయంత్రం తనే చెంబు నిండా తెచ్చి నా నోటికి అందించింది. ఆవిడ మీద నాకున్న కోపాల్లో సగం అక్కడే పోయాయి. సగం ఉంచుకున్నాను.

జ్వరం తగ్గుతూ, తిరగబెడుతూ చాన్నాళ్ళు ఏడిపించింది. గొట్టం మళ్ళీ మళ్ళీ పెట్టవలసి వచ్చింది. ఒక పొద్దున్న ఆసుపత్రి వెనక అత్త కాళ్ళు చాపి వాడికి నీళ్ళు పోస్తోంది. వాడు పోసిన ధార ఆవిడ భుజం దాకా వచ్చింది. ఆవిడ తుడుచుకోలేదు. అలాగే కూచుని గట్టిగా ఏడ్చేసింది. అత్త ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

వాడు కొంచెం నలతగానే పెరిగాడు, కానీ పెరిగాడు. మొన్న నానమ్మ పెట్టెకి ముందు భుజం పట్టింది వాడే.

మట్టి చేసి వచ్చాక ఆడవాళ్ళు వాకిట్లో కూచుని ఏడుస్తున్నారు. వాడి పసివాడికి ఆ పొద్దు ఇంకా నీళ్ళు పోయలేదు. ఎవరు పోస్తారన్నట్టు కోడలు నా వైపు చూసింది. నేను అత్త పీట మీదే కూచుని కాళ్ళు చాపాను. రెండు చెంబులు పోశానో లేదో, వాడు నా జాకెట్టు తడిసేలా ధార కొట్టాడు. వాకిట్లో ఏడుపు ఆగింది. అందరూ మెడలు చాచి అటే చూస్తున్నారు.

"దార సూడండర్రా" అన్నాను.